కదిలిన మడ్డితోనే ముప్పు: ఏళ్ల తరబడి మూలనపడ్డ ఇంజన్‌ను శుభ్రం చేయడమెలా

మా పెదనాన్న కారు 2006 మోడల్ మారుతి 800. తెనాలిలో ఇంటి పక్క రేకుల షెడ్డులో ఏడేళ్లుగా ఉంది. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. కంటి ఆపరేషన్ అయ్యాక పెదనాన్న డ్రైవింగ్ మానేశారు. అయినా బండి పాడవకూడదని ప్రతి ఆదివారం పొద్దున్నే పక్కింటి అబ్బాయిని పిలిచి స్టార్ట్ చేయించేవారు. అయిదు నిమిషాలు ఇంజన్ ఆడించి ఆపేసేవాళ్లు. ఈ ఏడేళ్లలో ఆయిల్ మాత్రం ఒక్కసారీ మార్చలేదు. బండి తిరగనే లేదు కదా, మార్చడం దేనికని.

సంక్రాంతికి వెళ్లినప్పుడు బండిని మళ్లీ రోడ్డెక్కిద్దామని, ఊళ్లో పాత మేస్త్రిని పిలిచి ఇంజన్ నెత్తిన ఉండే మూత, అదే టాపెట్ కవర్, విప్పించాను. కవర్ కింద ఇంజన్ కనపడలేదు. వాల్వులను కదిలించే రాకర్లు, స్ప్రింగులు ఉండాల్సిన చోట మినప్పిండి పోసి ఆరబెట్టినట్టు నల్లటి ముద్ద. స్క్రూడ్రైవర్ మొనతో గీస్తే తారులా సాగింది, లోపల పొరలో గట్టిపడి పెళ్లలా ఊడింది. "ప్రతి వారం స్టార్ట్ చేయించా కదరా!" అన్నారు పెదనాన్న. ఆ గొంతులో బాధ నాకింకా గుర్తుంది. ఎందుకంటే ఆ మడ్డి చేసింది ఆ అయిదు నిమిషాలే.

వారానికి అయిదు నిమిషాల చొప్పున ఏడేళ్లంటే దాదాపు 30 గంటలు. ఆ 30 గంటల్లో ఇంజన్ ఒక్కసారి కూడా పూర్తిగా వేడెక్కలేదు. ఇక్కడే అసలు సంగతి ఉంది. పెట్రోల్ మండితే నీళ్లు పుడతాయి. లీటరు పెట్రోల్ మండితే సుమారు లీటరు నీళ్లు. చాలా భాగం ఆవిరై సైలెన్సర్ గొట్టంలోంచి వెళ్లిపోతుంది. చలి పొద్దున కార్ల వెనక కారే నీటి చుక్కలు అవే. కొంత ఆవిరి మాత్రం, మండీ మండని పెట్రోల్‌తో, పొగతో కలిసి పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే చాంబర్‌లోకి జారుతుంది. కొత్త ఇంజన్‌లోనూ ఇది జరుగుతుంది. ఇంజన్ వేడిగా ఉంటే ఆ నీళ్లు మళ్లీ ఆవిరై, ఇంజన్ ఊపిరి గొట్టం ద్వారా బయటపడతాయి. చల్లగా ఉంటే అన్నం గిన్నె మూతకి చెమట పట్టినట్టు టాపెట్ కవర్ లోపలి వైపు నీళ్లు పట్టి, ఆయిల్‌లోకే కారతాయి. అందుకే మడ్డి ఎప్పుడూ పైన కవర్ కిందే ముందు పేరుకుంటుంది. ఇంజన్‌లో చల్లటి చోటు అదే.

నీళ్లొక్కటే అయితే మీగడలాంటి తెల్లటి నురగతో పోయేది. నల్లమడ్డి కావాలంటే ఆయిల్ కూడా చెడాలి. మిరపకాయ బజ్జీలు వేసే మూకుడు అంచు చూడండి. నూనె మళ్లీ మళ్లీ కాగి, గాలి తగిలి, గోధుమరంగు బంకలా అంటుకుని ఎంత తోమినా రాదు. ఇంజన్ ఆయిల్‌లోనూ దాదాపు ఇదే జరుగుతుంది. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కి ఆయిల్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ పని వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఆయిల్ ఇంజనీర్లు లెక్కేస్తారు. రింగుల సందుల్లోంచి వచ్చే వాయువుల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. అవి సగం మండిన పెట్రోల్‌తో కలిసి బంకకి తోడు పోస్తాయి. పైన మసి. అంటే అతి చల్లగా నడిచే ఇంజన్ ఒక దారిలో, అతి వేడిగా నడిచే ఇంజన్ ఇంకో దారిలో చివరికి ఒకే మడ్డి దగ్గరికి చేరతాయి.

దీన్ని ఆపడానికే ఆయిల్‌లో మందులు కలుపుతారు. కొన్ని లోహానికి అంటుకున్న మురికిని కడుగుతాయి. కొన్ని మసి కణాలను విడివిడిగా పట్టుకుని, ముద్ద కట్టనివ్వకుండా ఆయిల్‌లో తేల్చి ఉంచుతాయి. బట్టల మురికిని కుంకుడు రసం నీళ్లలోకి లాగినట్టు. కాబట్టి ఆయిల్ నల్లబడిందంటే తన పని తాను చేస్తోందని అర్థం. చాలామంది దీనికే టెన్షన్ పడతారు. టెన్షన్ పడాల్సింది మోసే శక్తి అయిపోయినప్పుడు. ఆ శక్తికి ఒక హద్దుంది. హద్దు దాటేదాకా బయటికేమీ తెలియదు. దాటాక మాత్రం మోస్తున్న మురికి గబగబా కిందికి దిగుతుంది. నాలుగేళ్లు బాగున్న ఇంజన్ అయిదో ఏట ఒక్కసారిగా మడ్డి పట్టినట్టు అనిపించేది ఇందుకే.

ఇది మన షెడ్డు బళ్లకే వచ్చే జబ్బేం కాదు. 1980లలో జర్మనీలో కార్లకు నల్లమడ్డి సమస్య పెద్దదై, మెర్సిడెస్ తన ఎం102ఈ ఇంజన్ మీద ప్రత్యేకంగా మడ్డి పరీక్ష పెట్టే దాకా వెళ్లింది. అమెరికాలో 1997 నుంచి 2002 దాకా తయారైన కొన్ని టయోటా, లెక్సస్ ఇంజన్లలో మడ్డి గొడవ రేగి, 2002లో కంపెనీ ప్రత్యేక కవరేజీ ప్రకటించింది. 2007లో అది కోర్టు సెటిల్‌మెంట్ దాకా వెళ్లింది. ఆ రోజుల్లో అమెరికా వెళ్లిన మనవాళ్లలో ఎంతమంది తొలి కారు సెకండ్ హ్యాండ్ కామ్రీయో!

ఇప్పుడు శుభ్రం చేసే సంగతి. ఇందులో నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. మడ్డి అంటుకున్న చోట అంటుకుని ఉన్నంతకాలం ఇంజన్‌ని వెంటనే చంపదు. ఊడి, కదిలి, ప్రయాణం మొదలుపెట్టాకే చంపుతుంది.

ఎందుకో అర్థం కావాలంటే ఆయిల్ వెళ్లే దారి తెలియాలి. అడుగున చాంబర్. అందులో మునిగి ఉండే గొట్టం, దాని మూతికి ఒక జల్లెడ. అదే స్ట్రైనర్, మా మేస్త్రి జాలీ అంటాడు. అక్కడి నుంచి ఆయిల్ పంపు, పంపు తర్వాత ఫిల్టర్, ఫిల్టర్ తర్వాత సన్నటి దారుల గుండా, పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసు బేరింగులకు, పైన రాకర్లకు. పనైపోయిన ఆయిల్ ఇంజన్ పైభాగంలో, అంటే హెడ్డులో ఉన్న రంధ్రాల గుండా మళ్లీ చాంబర్‌లోకి దిగుతుంది. ఫిల్టర్ పంపు తర్వాత ఉంది, జల్లెడ పంపు ముందుంది. అంటే ఎంత మంచి ఫిల్టర్ వేసినా జల్లెడను కాపాడలేదు. పైన ఊడిన పెళ్ల కింద జల్లెడకి అడ్డం పడితే పంపుకి ఆయిలే అందదు. బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య ఉండే ఆయిల్ పొర చాలాసార్లు తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అది తెగిన క్షణం నుంచి లోహం లోహాన్ని తింటుంది. ఎర్ర ఆయిల్ లైటు వెలిగేది ప్రెషర్ దాదాపు పడిపోయాకే. అది ముందస్తు హెచ్చరికని చాలామంది అనుకుంటారు, కాదు. వెలిగిందంటే ఇంటిదాకా పోనిద్దాం అనుకోకుండా అక్కడే ఇంజన్ ఆపాలి.

కిరసనాయిలు పోసి కడిగే పద్ధతి గురించి నా అభిప్రాయం ఇక్కడి నుంచే వచ్చింది. పాత గ్యారేజీల్లో ఇది మామూలు. పాత ఆయిల్ తీసేసి, కిరసనాయిలో డీజిలో పోసి, పది నిమిషాలు ఇంజన్ ఆడించి దించేస్తారు. తారులా నల్లగా దిగుతుంది. చూసేవాళ్లకు తృప్తిగా ఉంటుంది. నా స్నేహితుడు ఒకడు ఇలాగే ఒక చోట కడిగించుకుని, నలభై కిలోమీటర్లు పోకముందే హైవే మీద ఆగిపోయాడు. ఇంజన్ దించి చూస్తే జల్లెడ మూసుకుపోయి, పెద్ద బేరింగులు రెండు అరిగి రాగిరంగు తేలాయి. ఆ గ్యారేజీ వాళ్లు మోసం చేశారని నేననను. వాళ్లకు అది పాతికేళ్లుగా పనిచేసిన పద్ధతి. పైపైన మురికి పట్టిన ఇంజన్‌లో అది చాలాసార్లు నడిచిపోతుంది. దట్టంగా పేరుకున్న చోట మాత్రం కిరసనాయిలు మడ్డిని కరిగించే లోపే కిందినుంచి వదులు చేసి, పెళ్లలుగా ఊడగొడుతుంది. పైగా అది ఆడుతున్నంతసేపూ బేరింగుల మధ్య ఉన్నది ఆయిల్ కాదు, నీళ్లలాంటి పలచటి ద్రవం. దించాక కూడా దారుల్లో, మూలల్లో కొంత నిలిచి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది.

షాపుల్లో సీసాల్లో అమ్మే ఇంజన్ ఫ్లష్ కాస్త మెరుగు. పాత ఆయిల్ ఉండగానే పోసి, సీసా మీద రాసినట్టు పది, పదిహేను నిమిషాలు ఆడించి, వేడి మీద దించేయాలి. ఆ సమయంలో బండి నడపకూడదు, రేస్ చేయకూడదు. కవర్ కింద గోధుమరంగు పూత, అక్కడక్కడా కొద్దిగా బంక ఉంటే దీనితో సరిపోతుంది. వేలు దిగేంత మడ్డి ఉంటే ఇదీ కిరసనాయిలు దారిలోనే నడుస్తుంది.

కాబట్టి ఏం చేయాలన్నది ఎంత మడ్డి, ఎలాంటి మడ్డి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు రంగు. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ ఉంటే అది నీళ్లు. పొట్టి ప్రయాణాల వల్ల కావచ్చు. రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్డు కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పొర, అదే హెడ్ గ్యాస్కెట్, పోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు మడ్డి తీయడం తర్వాతి మాట. ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. పాత పెనం బాగా కాల్చి, స్టవ్ ఆపేసి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ నుంచి ఒక్క చుక్క దాని మీద వేయండి. ఆయిల్‌లో నీళ్లుంటే తాలింపులో ఆవాల్లా చిటపటలాడుతుంది. నీళ్లు లేకపోతే నిశ్శబ్దంగా పరుచుకుంటుంది. ముఖం దూరంగా పెట్టుకోండి, ఆ పెనాన్ని మళ్లీ దోసెలకు వాడకండి.

రెండోది కాగితం పరీక్ష. ఆయిల్ చుక్క ఒకటి బ్లాటింగ్ కాగితం మీదో, ఫిల్టర్ కాగితం మీదో వేసి రాత్రంతా వదిలేయాలి. పొద్దునకి మరక అంచుదాకా ఒకే బూడిదరంగులో పరుచుకుంటే మసిని మోసే మందు ఇంకా బతికే ఉంది. మధ్యలో చిక్కటి నల్ల బొట్టు గీత గీసినట్టు ఆగిపోయి, చుట్టూ తేలికరంగు నూనె వలయం మాత్రమే ఉంటే ఆయిల్ చేతులెత్తేసిందని అర్థం. పెదనాన్న బండి చుక్క అచ్చం కుంకుమ బొట్టు పెట్టినట్టు నిలబడింది, నల్లగా.

మడ్డి మరీ ఎక్కువ కాకపోతే నిదానంగా కరిగించే దారి ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. డీజిల్ ఇంజన్ల కోసం తయారయ్యే 15డబ్ల్యూ-40 ఆయిల్స్‌లో మసిని మోసే మందులు ఎక్కువగా ఉంటాయి. పాత పెట్రోల్ ఇంజన్‌లో కొద్దికాలం అలాంటిది పోసి, మామూలుగా నడుపుతూ, 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. తర్వాత వెయ్యికి, ఆపైన రెండు వేలకు. మడ్డి పెళ్లలుగా ఊడకుండా పైపొర నుంచి పంచదార చిలకలా అరుగుతూ వస్తుంది. తీసిన ఫిల్టర్‌ని పారేయకండి. రంపంతో కోసి, లోపలి మడతల కాగితం విప్పి పరచండి. నల్లటి మెత్తటి పొడి ఉంటే పని సాగుతోంది. తళతళ మెరిసే రేణువులుంటే ఆగాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే బేరింగు లోహం కావచ్చు. ఆయిల్ కంటే ఫిల్టర్ ముందే నిండుతుందని గుర్తుంచుకోండి. ఫిల్టర్ మూసుకుంటే లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకుని మురికి ఆయిల్‌నే నేరుగా బేరింగులకు పంపుతుంది. ఆయిల్ అసలు లేకపోవడం కన్నా అదే నయమని అలా డిజైన్ చేశారు.

మా బండి ఆ దశ దాటిపోయింది. మేస్త్రి ఒక్కమాటే అన్నాడు: "చాంబర్ దించాలి బాబూ, జాలీ చూడకుండా సెల్ఫ్ కొట్టొద్దు." ఆ మాట బంగారం. సైలెన్సర్ పైపు వదులు చేసి, బోల్టులన్నీ విప్పి చాంబర్ దించాం. అడుగున రెండు వేళ్ల మందాన బురద. జల్లెడ చూస్తే కాఫీ ఫిల్టర్‌లో పొడి వదిలేసి ఊరెళ్లి వచ్చినట్టుంది. మూడింట రెండు వంతులు మూసుకుపోయింది. మిగిలిన ఆ ఒక్క వంతులోంచే ఇన్నాళ్లూ ఇంజన్ ఊపిరి పీల్చింది. పైన హెడ్డులో ఆయిల్ కిందికి దిగే రంధ్రాల్లో ఒకటి పూర్తిగా పూడిపోయింది. అవి పూడితే ఆయిల్ పైనే చెరువు కట్టి వాల్వ్ సందుల్లోంచి దిగి నీలంపొగగా పోతుంది, కింద చాంబర్ ఎండిపోతుంది. పొగ చూసి రింగులు పోయాయనుకుని ఇంజన్ మొత్తం విప్పించుకునేవాళ్లున్నారు.

గీకడానికి ప్లాస్టిక్ గరిటె, వెదురు పుల్ల, పాత టూత్‌బ్రష్ వాడాం. మొదలుపెట్టే ముందు ఆయిల్ దిగే రంధ్రాలన్నీ గుడ్డముక్కలతో మూసి, ఎన్ని ముక్కలు పెట్టామో లెక్క రాసుకున్నాం. తీసేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. ఉప్పుకాగితం, గ్రైండర్‌కి తగిలించే రాపిడి ప్యాడ్లు పొరపాటున కూడా వాడకండి. వాటి గరుకు రేణువులు చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్. అవి ఆయిల్‌లో కలిస్తే బేరింగులను అరగదీస్తాయి. ఈ ప్యాడ్లు వాడొద్దని జనరల్ మోటార్స్ తన డీలర్లకు బులెటినే పంపింది. విప్పిన చాంబర్‌ని, కవర్‌ని కిరసనాయిల్లో నానబెట్టి కడగడంలో తప్పులేదు. అక్కడ కిరసనాయిలు తన పని తాను చేసుకుంటుంది, బేరింగుల జోలికి పోదు. పెట్రోల్‌తో మాత్రం కడగొద్దు, ఆ ఆవిరికి నిప్పురవ్వ చాలు. చేతికి గ్లవ్స్ వేసుకోండి, వాడేసిన ఇంజన్ ఆయిల్‌తో చర్మ క్యాన్సర్ ప్రమాదం ఉంది. దించిన ఆయిల్ కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే చోట ఇవ్వండి.

అంతా కడిగాక లోహం మీద తేనెరంగు పూత మిగిలింది. దాన్ని వదిలేశాం. ఆ పూత ఊడదు, ఎవరికీ హాని చేయదు. అద్దంలా మెరిపించాలన్న ఆశ ఇంజన్‌కి మేలు చేయదు.

తిరిగి బిగించాక వెంటనే స్టార్ట్ చేయలేదు. టైమింగ్ బెల్టు మార్చాం, ట్యాంకులో పాత పెట్రోల్ తీసేశాం. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ పోసి, క్రాంక్ బోల్టుకి పానా పెట్టి చేత్తో నాలుగు చుట్లు తిప్పాం. ఎక్కడా పట్టలేదు. తర్వాత పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, ప్లగ్గులు లేకుండానే పది సెకన్ల చొప్పున, మధ్యలో ఆగుతూ సెల్ఫ్ కొట్టాం. నాలుగోసారికి ఎర్ర లైటు ఆరింది. అంటే ఆయిల్ పైకి ఎక్కింది. అప్పుడు ప్లగ్గులు పెట్టాం.

మడ్డి తీయడం సగం పనే. పట్టిన కారణం అలాగే ఉంటే మళ్లీ పడుతుంది. ఇంజన్ ఊపిరి గొట్టంలో, లోపలి ఆవిరిని బయటికి వదిలే పీసీవీ వాల్వ్ తీసి ఊపితే గలగలమనాలి. మాది మూగగా ఉంది. కొత్తది వేశాం, గొట్టం కూడా కడిగాం. ఇంకొకటి మన ప్రాంతంలో చాలా మామూలుగా జరిగే పొరపాటు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ ఇంత ఎండల్లో ఎందుకని, వేడెక్కకుండా ఉంటుందని దాన్ని పీకేస్తారు. బయట 44 డిగ్రీలు మనకి వేడి, ఇంజన్‌కి అది చల్లటి గాలే. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉండి, ఇంజన్ 80 డిగ్రీల పైకి చేరడానికి చాలాసేపు పడుతుంది. పొట్టి ప్రయాణాల్లో అసలు చేరదు. ఆయిల్ నీళ్లకన్నా ఇంకా ఆలస్యంగా వేడెక్కుతుంది. ఆయిల్ 80, 90 డిగ్రీలకు చేరి కాసేపు అక్కడే ఉంటేనే అందులో నీళ్లు ఆవిరవుతాయి. రేడియేటర్ పూడిపోయి బండి వేడెక్కుతుంటే రేడియేటర్ బాగుచేయించాలి తప్ప థర్మోస్టాట్‌ని బలిపెట్టకూడదు. పెదనాన్న బండికి కూడా ఎప్పుడో ఎవరో తీసేశారు. మళ్లీ పెట్టించాం.

ఆయిల్ మార్చే లెక్క కూడా కిలోమీటర్లతో ఆగకూడదు. పది వేల కిలోమీటర్లు సగటున గంటకు 60 వేగంతో తిరిగితే ఇంజన్ ఆడింది 167 గంటలు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో సగటు 20 పడితే అవే పది వేలకు 500 గంటలు. మీటరుకి రెండూ ఒకటే, ఆయిల్‌కి మూడు రెట్ల తేడా. ఇక అస్సలు తిరగని బండికి కాలమే కొలత, ఏడాదికోసారైనా మార్చాలి. విదేశాల్లో ఉండి ఊళ్లో అమ్మానాన్నల దగ్గర కారు ఉంచినవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నా. వారానికోసారి అయిదు నిమిషాలు ఆడించమని ఫోన్‌లో చెప్పకండి. పదిహేను రోజులకోసారైనా సరే, ఎవరితోనైనా అరగంట రోడ్డు మీద తిప్పించండి. అది కుదరకపోతే బ్యాటరీ వైరు తీసేసి కదపకుండా ఉంచడమే మేలు.

మొదటి 500 కిలోమీటర్లకి ఫిల్టర్ కోస్తే మడతల్లో నల్లపొడి దట్టంగా ఉంది, మెరుపు లేదు. తర్వాత వెయ్యికి కోసినది కాగితం రంగు తెలిసేంత శుభ్రంగా వచ్చింది. ఆ ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి పెదనాన్నకి చూపించాను. కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూశారు. ఇప్పుడు పక్కింటి అబ్బాయి ఆదివారం పొద్దున్నే వస్తాడు. పెదనాన్న పక్క సీట్లో కూర్చుంటారు, ఇద్దరూ గుంటూరు దాకా వెళ్లి టిఫిన్ తిని వస్తారు.